ల్యాప్‌టాప్‌కు వేరే యాంటీవైరస్ కొనాలా, ఉన్నది చాలా?

కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకున్న నెలకో, ఏడాదికో స్క్రీన్ కుడి మూలన ఒక బాక్స్ వస్తుంది: మీ రక్షణ గడువు ముగిసింది, వెంటనే రెన్యూ చేసుకోండి అని. ఎర్ర రంగు, ఆశ్చర్యార్థకం గుర్తు, పక్కనే డిస్కౌంట్. భయపడి కార్డు నంబరు కొట్టేముందు ఒక పావుగంట కేటాయించండి. ఇంట్లో వాడుకునే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో ఎక్కువవాటికి వేరే యాంటీవైరస్ అక్కర్లేదు. విండోస్‌తోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ సరిపోతుంది. కానీ ఆ డిఫెండర్ నిజంగా పనిచేస్తూ ఉండాలి. అది ఆగిపోయి ఉన్నా ఆ సంగతి తెలియకుండానే వాడుకునేవాళ్లు ఉంటారు. అందుకే ముందు పరీక్ష, తర్వాతే నిర్ణయం.

వేరే యాంటీవైరస్ తప్పనిసరి అనే మాట ఒకప్పుడు నిజమే. విండోస్ విస్టాలో వచ్చిన డిఫెండర్ స్పైవేర్‌ను (గూఢచారి సాఫ్ట్‌వేర్‌ను) మాత్రమే చూసేది, వైరస్‌ల జోలికి పోయేది కాదు. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని మైక్రోసాఫ్ట్ విడిగా ఉచితంగా ఇచ్చింది. 2012లో విండోస్ 8 వచ్చాకే డిఫెండర్ పూర్తి యాంటీవైరస్ అయింది. అప్పటి అలవాటు కొద్దీ షాపుల్లో ఇప్పటికీ ల్యాప్‌టాప్‌తోపాటు యాంటీవైరస్ డబ్బా అంటగడుతున్నారు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ అనే రెండు స్వతంత్ర ల్యాబ్‌లు ఏటా చాలాసార్లు పరీక్షలు జరిపి ఫలితాలు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. వాటిలో డిఫెండర్ కొన్నేళ్లుగా డబ్బుకు దొరికే పేరున్న యాంటీవైరస్‌ల వరుసలోనే నిలుస్తోంది. ఒక్క చోట మాత్రం దానికి బలహీనత ఉంది: ఇంటర్నెట్ లేనప్పుడు అంత బాగా పట్టుకోలేదు. ఆ విషయం పెన్‌డ్రైవ్‌ల దగ్గర మళ్లీ వస్తుంది.

ఇప్పుడు కాపలా ఎవరిది?

స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరవండి. అందులో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ నొక్కండి. అక్కడ మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

మొదటిది, వేరే కంపెనీ పేరేమీ లేకుండా కరెంట్ థ్రెట్స్, క్విక్ స్కాన్ బటన్ కనిపించడం. అంటే కాపలా డిఫెండర్‌దే. కిందికి జరిగి మేనేజ్ సెట్టింగ్స్ నొక్కండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ఆటోమేటిక్ శాంపిల్ సబ్మిషన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ నాలుగూ ఆన్‌లో ఉండాలి. క్లౌడ్ (అనుమానం వస్తే నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడిగి చూసుకోవడం) ఒకటి ఆపినా ఏం కాదులే అనుకోకండి. ఈ రోజు పుట్టిన కొత్త వైరస్‌ను పట్టడంలో డిఫెండర్ బలమంతా అక్కడే ఉంది. వెనక్కి వచ్చి ప్రొటెక్షన్ అప్‌డేట్స్ తెరిచి చివరి అప్‌డేట్ తేదీ చూడండి. నెట్ వాడుతున్న ల్యాప్‌టాప్‌లో అది ఈ రోజుదో నిన్నటిదో అయి ఉండాలి. వారం దాటితే చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. అప్పటికీ రాకపోతే విండోస్ అప్‌డేటే ఎక్కడో ఆగిపోయి ఉంటుంది, ముందు దాన్ని సరిచేయాలి.

రెండోది, మెకాఫీ, నార్టన్, క్విక్ హీల్ లాంటి కంపెనీ పేరు కనిపించడం. వేరే యాంటీవైరస్ చేరగానే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో తయారీ కంపెనీ వేసి ఇచ్చే ట్రయల్‌తో వచ్చే చిక్కు ఇదే. గడువు అయిపోయినా అది ఇన్‌స్టాల్ అయ్యే ఉంటుంది. ఒక్కోసారి పాత వైరస్ జాబితాతో కూర్చుంటుంది, లేదా సగం సగం పనిచేస్తుంది. ఏడాది కిందటి జాబితాతో ఉన్న యాంటీవైరస్ కంటే అసలు అది లేని ల్యాప్‌టాపే మేలు, ఎందుకంటే అప్పుడు డిఫెండర్ దానంతటదే లేచి పని మొదలుపెడుతుంది. కాబట్టి గడువు తీరినదాన్ని డబ్బు కట్టి కొనసాగించండి, లేదా పూర్తిగా తీసేయండి.

మూడోది, మీ ఐటీ అడ్మినిస్ట్రేటర్ ఈ పేజీని పరిమితం చేశారు అని ఇంగ్లిష్‌లో కనిపించడం, లేదా బటన్లన్నీ బూడిద రంగులో కదలకుండా ఉండడం. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇది మామూలే. దాన్ని ముట్టుకోకండి, సొంతంగా ఏ యాంటీవైరస్ వేయకండి, ఐటీ వాళ్లను అడగండి. సొంత ల్యాప్‌టాప్‌లో ఇలా కనిపిస్తే మాత్రం ఎవరో డిఫెండర్‌ను పనిగట్టుకుని ఆపారని అర్థం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు, దొంగ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ వేయించుకున్నప్పుడు ఇది జరుగుతుంది. అలాంటి ల్యాప్‌టాప్‌పై ఇంకో యాంటీవైరస్ రుద్దడం దండగ. ఫైళ్లు బయటకు తీసుకుని విండోస్‌ను మొదటినుంచి వేయడమే సరైన మందు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు.

చాలామంది తెరవని పేజీ ఇంకొకటుంది. మేనేజ్ సెట్టింగ్స్‌లో అడుగున ఎక్స్‌క్లూజన్స్ ఉంటుంది, ఆడ్ ఆర్ రిమూవ్ నొక్కి చూడండి. ఈ జాబితాలో ఉన్న ఫోల్డర్ల వైపు డిఫెండర్ కన్నెత్తి చూడదు. క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సూచనల్లో ఈ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూజన్‌లో పెట్టండి, లేకపోతే యాంటీవైరస్ తప్పుగా పట్టేస్తుంది అని రాసి ఉంటుంది. అది తప్పుగా పట్టడం కాదు. జాబితాలో మీకు తెలియని ఫోల్డర్ గానీ, ఏకంగా సి డ్రైవ్ గానీ ఉంటే తీసేసి ఫుల్ స్కాన్ పెట్టండి.

68 అక్షరాల పరీక్ష

అన్నీ ఆన్‌లో కనిపిస్తున్నా అది నిజంగా పట్టుకుంటోందా అని అనుమానం ఉంటే, ఐకార్ టెస్ట్ ఫైల్ ఉంది. యాంటీవైరస్‌లను పరీక్షించడానికే తయారుచేసిన 68 అక్షరాల వరుస అది. వైరస్ కాదు, ఏ హానీ చేయదు. కానీ దీన్ని చూస్తే పట్టుకోవాలని యాంటీవైరస్ కంపెనీలన్నీ ఒప్పుకున్నాయి. ఐకార్ సంస్థ వెబ్‌సైట్‌లో ఆ వరుసను కాపీ చేసుకుని నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, ముందూ వెనకా ఒక్క అక్షరం కూడా కలపకుండా డెస్క్‌టాప్‌పై సేవ్ చేయండి. కొన్ని క్షణాల్లో కుడి మూలన థ్రెట్స్ ఫౌండ్ అని రావాలి, ఫైల్ మాయం కావాలి. ప్రొటెక్షన్ హిస్టరీలో ఐకార్ పేరుతో ఒక పద్దు పడుతుంది. ఫైల్ అలాగే కూర్చుని, మళ్లీ తెరిచినా ఏ హెచ్చరికా రాకపోతే, స్క్రీన్‌పై ఎన్ని ఆకుపచ్చ టిక్కులున్నా మీకు కాపలా లేనట్టే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఈ పరీక్ష చేయకండి, సెక్యూరిటీ టీమ్‌కు అలారం మోగుతుంది.

విండోస్ 10 వాళ్ల లెక్క వేరు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. డిఫెండర్ వైరస్ జాబితా మాత్రం 2028 అక్టోబరు దాకా అప్‌డేట్ చేస్తామని కంపెనీ చెప్పింది. ఈ రెండూ వేర్వేరు సంగతులు. వైరస్ జాబితా అంటే గేటు దగ్గర కాపలావాడి చేతిలోని ఫొటోలు. విండోస్ ప్యాచ్ అంటే గోడకు పడిన కన్నం పూడ్చడం. కన్నం అలాగే ఉంటే ఎంత ఖరీదైన కాపలావాడిని పెట్టినా లాభం లేదు.

2017లో వనాక్రై అనే వైరస్ దాడి దీన్నే చూపించింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. మే 12న దాడి మొదలయ్యేసరికి ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతా దొరికిపోయాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా ఉన్నాయి.

అందుకని విండోస్ 10 వాడుతున్నవాళ్లు యాంటీవైరస్ కొనే ఆలోచన పక్కనపెట్టి సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరవండి. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కు (సపోర్ట్ ముగిశాక కూడా ప్యాచ్‌లు ఇచ్చే ఏర్పాటుకు) ఎన్‌రోల్ నౌ అనే లింక్ కనిపిస్తే చేరిపోండి. వ్యక్తిగత వాడకందారులకు ఇది 2026 అక్టోబరు 13 వరకు అని ప్రకటించారు. మీది 22హెచ్2 వెర్షన్ అయితేనే ఆ లింక్ వస్తుంది, కాకపోతే ముందు దానికి అప్‌డేట్ కావాలి. ఇది తాత్కాలిక ఏర్పాటే. ఇంటెల్ 8వ జనరేషన్ కంటే పాత ప్రాసెసర్ ఉన్నవి, ఒకటీ అరా తప్ప, అధికారికంగా విండోస్ 11కు అర్హం కావు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చే 6, 7 జనరేషన్ మెషిన్లు కొనేటప్పుడు త్వరలోనే మళ్లీ వేరే ల్యాప్‌టాప్ కొనాల్సిన ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఏ యాంటీవైరస్ కూడా ఆపలేనివి

ఇంట్లో ల్యాప్‌టాప్‌లకు ఇప్పుడు జరిగే నష్టాల్లో పెద్ద భాగం మనిషి చేతితో జరిగేవే. దొంగ క్యాప్చా తీసుకోండి. సినిమా డౌన్‌లోడ్ సైట్‌లోనో, ఉచిత సాఫ్ట్‌వేర్ పేజీలోనో నేను రోబోను కాదు అనే గడి వస్తుంది. టిక్ పెట్టగానే మూడు మెట్లు చూపిస్తుంది: విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి; కంట్రోల్, వి కలిపి నొక్కండి; ఎంటర్ కొట్టండి. అంతే. మీరు టిక్ పెట్టినప్పుడే ఆ పేజీ ఒక కమాండ్‌ను మీ క్లిప్‌బోర్డ్‌లోకి కాపీ చేసేసింది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే రన్ బాక్స్ తెరుచుకుంటుంది. అది చాలా చిన్న గడి కాబట్టి పేస్ట్ చేసినదాంట్లో చివరి ముక్కే కనబడుతుంది. అక్కడ కావాలనే క్యాప్చా వెరిఫికేషన్ నంబరు అన్నట్టు ఏదో రాసి పెడతారు. కనబడని మొదటి భాగంలో పవర్‌షెల్ (విండోస్‌కు టైప్ చేసి ఆదేశాలిచ్చే పనిముట్టు) కమాండ్ ఉంటుంది. ఎంటర్ కొట్టింది మీరు, నడిచింది విండోస్ సొంత పనిముట్టు. యాంటీవైరస్‌కు అనుమానం వచ్చేసరికి ఆలస్యం కావచ్చు.

ఇలా లోపలికి వచ్చేవాటిలో ఎక్కువ పాస్‌వర్డ్ దొంగలు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్ గుర్తుపట్టే చిన్న ఫైళ్లు) నిమిషాల్లో పట్టుకుపోతాయి. కుకీ చేతికి చిక్కితే ఓటీపీ అవసరం కూడా లేకుండా మీ జీమెయిల్ తెరవొచ్చు. లుమ్మా అనే అలాంటి ఒక్క దొంగ సాఫ్ట్‌వేరే 2025లో మార్చి 16 నుంచి మే 16 లోపల ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో కనిపించిందని మైక్రోసాఫ్ట్ తెలిపింది. రన్ బాక్స్‌లో ఏదైనా పేస్ట్ చేయమని వెబ్‌సైట్ అడిగితే అది నూటికి నూరుపాళ్లు మోసమే. ఇంట్లో పిల్లలకు ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి.

మరొకటి, మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లున్నాయి అంటూ కుడి మూలన అదేపనిగా వచ్చే నోటిఫికేషన్లు. తరచుగా ఇది వైరస్ కాదు, యాంటీవైరస్ చెబుతున్నదీ కాదు. ఎప్పుడో ఏదో సైట్‌లో అలౌ నొక్కారు, ఆ సైట్ క్రోమ్ ద్వారా ప్రకటనలు పంపుతోంది. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరిచి, అలౌ జాబితాలో తెలియని సైట్లన్నీ తీసేయండి. దీన్ని వదిలించుకోవడానికి యాంటీవైరస్ కొన్నవాళ్లున్నారు. ఆ డబ్బు వృథా.

బ్యాంకు నుంచి అనో, కస్టమర్ కేర్ అనో ఫోన్ చేసి ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించుకుని స్క్రీన్ చూసేవాళ్లను కూడా యాంటీవైరస్ అడ్డుకోదు. అది మామూలు యాప్, అనుమతి ఇచ్చింది మీరు.

అయితే వేరేది ఎవరికి కావాలి?

రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే ల్యాప్‌టాప్ ఉందనుకోండి: జిరాక్స్ షాపు, ఇంటర్నెట్ సెంటర్, కాలేజీ ప్రాజెక్టు ల్యాబ్, పెళ్లి ఫొటోల స్టూడియో. పైగా నెట్ అంతంతమాత్రంగా ఉండే ఊరు. ఇక్కడ డిఫెండర్ ఆఫ్‌లైన్ బలహీనత బయటపడుతుంది. ఇలాంటి చోట డబ్బు పెట్టి మంచి యాంటీవైరస్ కొనడం సబబే. పుణె వాళ్ల క్విక్ హీల్, చెన్నై వాళ్ల కె7, యూరప్ నుంచి ఈసెట్, బిట్‌డిఫెండర్ ఉన్నాయి. ఏది కొన్నా ఏవీ-కంపారటివ్స్ మాల్వేర్ ప్రొటెక్షన్ టెస్ట్‌లో ఆఫ్‌లైన్ డిటెక్షన్ అనే వరుసను చూసి కొనండి.

ఇంట్లో ల్యాప్‌టాప్‌తో ఎప్పుడో ఒకసారి ప్రింట్ కోసం వెళ్లేవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు. ప్రింట్‌లకని విడిగా ఒక చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకోండి, అందులో పీడీఎఫ్ తప్ప ఇంకేదీ ఉంచకండి. తిరిగొచ్చాక నెట్ ఆన్‌లో ఉంచి, డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి, స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ నొక్కండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే డిఫెండర్ దానంతటదే మొత్తం స్కాన్ చేయదు, ఫైల్ తెరిచినప్పుడే చూస్తుంది. ఫోల్డర్లన్నీ పోయి వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు కనిపిస్తే వాటిపై క్లిక్ చేయకండి, క్లిక్ చేస్తేనే అది మీ ల్యాప్‌టాప్‌లోకి దిగుతుంది. మీ ఫైళ్లు సాధారణంగా పోవు, దాచి ఉంటాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ నొక్కండి. ఆప్షన్స్‌లో హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ టిక్ కూడా తీస్తే అవి బయటపడతాయి, ఒక్కోసారి పేరు లేని ఫోల్డర్‌లో. పత్రాలు, ఫొటోలు మాత్రమే కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2017 నుంచి నడుపుతున్న సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో బాట్‌లను (కంప్యూటర్‌ను దూరం నుంచి ఆడించే దొంగ ప్రోగ్రాములను) తొలగించే పనిముట్లు ఉచితంగా ఉన్నాయి.

టాలీ లెక్కలు, జీఎస్టీ ఫైళ్లు, క్లయింట్ల పత్రాలు పెట్టుకునేవాళ్లకు అసలు భయం ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. వాళ్లకు పనికొచ్చే తాళం డిఫెండర్‌లోనే ఉంది, కానీ మొదటినుంచీ ఆఫ్‌లో ఉంటుంది. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ అడుగున ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌ను ఆన్ చేయండి. తెలియని ప్రోగ్రాములేవీ ఇక ఆ ఫోల్డర్లలోని ఫైళ్లను మార్చలేవు. మన దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇది మొదట కాపాడేది డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లనే, మనం ముఖ్యమైనవన్నీ పెట్టేదేమో డి డ్రైవ్‌లో. ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్ తెరిచి ఆ డి డ్రైవ్ ఫోల్డర్‌ను, టాలీ డేటా ఫోల్డర్‌ను చేతితో చేర్చండి. మర్నాడు ఏదో సాఫ్ట్‌వేర్ ఫైల్ సేవ్ కావడం లేదని మొరాయిస్తే కంగారుపడి మొత్తం ఆపేయకండి. ప్రొటెక్షన్ హిస్టరీలో ఏది ఆగిందో చూసి, అది మీకు తెలిసినదే అయితే దానికి మాత్రం అలౌ ఇవ్వండి. వేరే యాంటీవైరస్ వేస్తే ఈ తాళం పనిచేయదని కూడా గుర్తుంచుకోండి. దీనికి తోడు వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ తీసి, ఆ డిస్క్‌ను ల్యాప్‌టాప్ నుంచి విడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచిన డిస్క్‌ను ర్యాన్సమ్‌వేర్ వదలదు.

మ్యాక్‌బుక్‌కు ఎక్స్‌ప్రొటెక్ట్, గేట్‌కీపర్ అనే సొంత కాపలాలు లోపలే ఉంటాయి. మ్యాక్ఓఎస్ అప్‌డేట్లు వస్తున్నంత కాలం ఇంటి వాడకానికి వేరేది అక్కర్లేదు.

కొనాలనే నిర్ణయించుకుంటే

ఒకే ఒక్కటి వేయండి. రియల్ టైమ్‌లో రెండు యాంటీవైరస్‌లు నడిస్తే ఒకే ఫైల్‌ను రెండూ పట్టుకు లాగుతాయి. ఒకదాని క్వారంటైన్ ఫోల్డర్‌ను (పట్టుకున్న వైరస్‌లను బంధించి ఉంచేదాన్ని) రెండోది వైరస్ అంటుంది. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ అయితే బ్రౌజర్ తెరవడానికే ఆపసోపాలు పడుతుంది. పాతది తీసేటప్పుడు సెట్టింగ్స్‌లో అన్ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి. అప్పటికీ డిఫెండర్ లేవకపోతే పాత యాంటీవైరస్ అవశేషాలు మిగిలాయన్నమాట. పెద్ద కంపెనీలు ఇందుకోసమే రిమూవల్ టూల్ ఇస్తాయి, ఆయా కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. తర్వాత పైన చెప్పిన 68 అక్షరాల పరీక్ష మళ్లీ చేయండి.

ఉచితం అన్నదాన్ని కూడా ఒకటికి రెండుసార్లు చూడాలి. వాడకందారుల బ్రౌజింగ్ సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు అవాస్ట్‌పై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చర్య తీసుకుని, 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇండియా నుంచి తీసుకెళ్లిన ల్యాప్‌టాప్‌లో కాస్పర్‌స్కీ ఉంటే తీసేయాలి. అక్కడి ప్రభుత్వ నిషేధంతో 2024 సెప్టెంబరు 29 తర్వాత దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి.

ఆన్‌లైన్‌లో కొంటే మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెండో ఏడాది ధర ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 15,000 రూపాయల లోపు ఆటో డెబిట్‌కు మళ్లీ ఓటీపీ అడగరు. 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ మాత్రం వస్తుంది, దాన్ని చదవకుండా తుడిచేస్తే డబ్బు పోయినట్టే. కొన్న రోజే ఖాతాలోకి వెళ్లి ఆటో రెన్యువల్ ఆపేయండి.

ఇప్పటికే ఏదో నొక్కేసి ఉంటే

ముందు వైఫై ఆపండి. స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకుని స్కాన్ నౌ నొక్కండి. తెరిచి ఉన్న ఫైళ్లు సేవ్ చేసి, ఛార్జర్ పెట్టి ఉంచండి, ఎందుకంటే ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయి 15 నిమిషాల దాకా స్కాన్ చేస్తుంది. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ.

స్కాన్ నడుస్తుండగా ఫోన్ తీసుకోండి. పాస్‌వర్డ్‌లు ఆ ల్యాప్‌టాప్‌లో మార్చకూడదు, ఫోన్‌లోనే మార్చాలి. వరుస ఇది: మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆపైన మిగిలినవి. పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకండి. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద యువర్ డివైజెస్ తెరిచి, తెలియని పరికరాలతోపాటు ఆ ల్యాప్‌టాప్‌ను కూడా సైన్ అవుట్ చేయండి. అప్పుడే దొంగిలించిన కుకీ చెల్లకుండా పోతుంది. రన్ బాక్స్‌లో పేస్ట్ చేసిన సందర్భమైతే, స్కాన్‌లో ఏమీ దొరకలేదన్నా నమ్మకండి, ఫైళ్లు తీసుకుని విండోస్ మళ్లీ వేయండి. ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చేతిలో పెట్టుకుని మాట్లాడితే డబ్బు దారిలోనే ఆపే అవకాశం ఎక్కువ.